లోహపు రజనులో విద్యుత్తు నడక

ఇనుపకడ్డీ గుండా కరెంటు సులువుగా పోవును. పొలములో మోటారు నడుపు ప్రతి రైతునకు ఈ సంగతి తెలిసినదే. అదే కడ్డీని ఆకురాయితో రాచి, రాలిన రజనును సన్నని గాజు గొట్టములో వదులుగా పోసి, అటొక మేకు ఇటొక మేకు దూర్చి టార్చిలైటు బ్యాటరీకి కలిపి చూడుడు. కరెంటు దాదాపు పోనే పోదు. లోహము మారలేదు. ఇనుము ఇనుమే. ముక్కలు చిన్నవైనవి, అంతే. మరి ఇంతలో వచ్చిపడిన అడ్డు ఏమిటి?

ఇది పండితుల వినోదమునకు పుట్టిన ప్రశ్న కాదని ముందుగానే చెప్పవలసియున్నది. స్టార్టరులోని కాంటాక్టులు నల్లబడి కాలుట, నాటు వేసిన పది దినములకే మోటారు చుట్ట మాడిపోవుట, ఆపితిమనుకొన్న మోటారులో కరెంటు నిలిచియుండి మనిషి ప్రాణము తీయుట, వీటన్నిటి వెనుకను ఈ రజను కథయే ఉన్నది. కనుక కొంచెము ఓపికతో చదువవలెనని కోరుచున్నాము.

రేణువుకు తొడుగు

గాలి తగిలిన ప్రతి లోహమునకు, బంగారము వంటి ఒకటి రెండింటికి తప్ప, పైన ఒక పొర ఏర్పడును. ఇనుముమీద ఎర్రగా కనబడు తుప్పును గూర్చి కాదు నేను చెప్పుట. కంటికి తళతళలాడు లోహము మీద కూడ ఈ పొర ఉండును. అల్యూమినియం తీగను ఇప్పుడే గీకి చూచినను, మీరు కత్తి పక్కన పెట్టులోపలనే దానిపై ఆక్సైడు పొర కట్టును. దాని మందము రెండు మొదలు నాలుగు నానోమీటర్లు. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో ఒక్కొక్కటి మైక్రాను. మైక్రానును మరల వేయి భాగములు చేసినచో ఒక్కొక్కటి నానోమీటరు. అంత పలుచని పొర! అయినను అది లోహము కాదు. విద్యుత్తునకు అది గోడ.

కడ్డీలో ఈ గోడ బయటివైపున మాత్రమే ఉన్నది. లోపల రాజమార్గము. అదే రజనులో ప్రతి రేణువుకు ఒక తొడుగు. రెండు రేణువులు తాకినచోట రెండు తొడుగులు. రజను ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదవ వంతు ఉన్నదనుకొన్నచో, మూడు మిల్లీమీటర్ల దూరము దాటుటకు విద్యుత్తు ముప్పది రేణువులను, అనగా ముప్పదికి పైగా గోడలను దాటవలెను. పైగా రేణువులు గరుకుగా నుండుటచేత ఒకదానినొకటి కొనలతో తాకునే గాని ఒడలితో తాకవు.

ఈ రెండు మాటలు, పొర ఒకటి, తాకు కొన రెండు, గుర్తుంచుకొన్నచో తక్కినది దానంతట అది తెలియును.

ఇంటి వద్ద చేయదగిన పరీక్ష

హైస్కూలులో చదువు పిల్లలున్న ఇండ్లలో ఈ పరీక్ష చేసి చూడవచ్చును. రెండు టార్చి సెల్లులు, ఎర్రని చిన్న ఎల్.ఇ.డి. దీపము ఒకటి, దానితో వరుసలో నూరు ఓముల నిరోధము ఒకటి, బాలుపెన్ను గొట్టపు ముక్క, అందులో బిగువుగా పట్టు రెండు మేకులు కావలెను. మేకుల కొనల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడముంచి అందులో ఇనుప రజను వదులుగా నింపుడు. లేతు పని చేయు షాపులో గాని కమ్మరి కొలిమి వద్ద గాని రజను దొరకును. ఇంటి కరెంటును ఈ పరీక్షకు ఎన్నడును వాడరాదు. అల్యూమినియం పొడిని కొని తెచ్చుటయు వద్దు. అది గాలిలో లేచి నిప్పు తగిలినచో భగ్గున మండు పదార్థము.

అన్నియు వరుసగా కలిపినప్పుడు దీపము వెలుగదు. వెలిగినచో గొట్టమును వేలితో తట్టుడు, ఆరిపోవును. ఇప్పుడు గ్యాసు పొయ్యి వెలిగించు చిటికె లైటరును దగ్గరగా తెచ్చి నొక్కుడు. లైటరు తీగలను తాకనక్కరలేదు. దాని కొనను చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ పుట్టినంతనే ఇక్కడ దీపము వెలుగును! లైటరు తీసివేసినను వెలుగుచునే యుండును. గొట్టమును మరల తట్టినచో ఆరును. మొదటి ప్రయత్నములో కుదరనిచో రజనును కొంచెము వదులు చేయవలెను, లేదా కొంచెము అదమవలెను. రెండు మూడు సార్లలో కుదరకపోదు.

నిప్పురవ్వ నుండి బయలుదేరిన విద్యుత్తరంగము గాలిలో వచ్చి తీగలను తగిలినది. ఆ తాకుడుతో రేణువుల మధ్యనున్న పొరలు అక్కడక్కడ చిల్లులు పడినవి. చిల్లులలో లోహము లోహమును తాకినది. దారి ఏర్పడినది. తట్టినప్పుడు రేణువులు చోటు మారి దారి తెగినది.

రేడియోకు తొలి చెవి

ఈ సంగతిని ఇటలీ దేశపు ఫెర్మో పట్టణములో ఉపాధ్యాయుడుగా నుండిన కల్చెక్కి ఒనెస్తి 1884-85లోనే కొంతవరకు గమనించెను. దానిని స్పష్టముగా లోకమునకు చూపినవాడు పారిస్ నగరమునందలి ఎడ్వర్డు బ్రాన్లీ. 1890లో ఆయన గొట్టములోని రజను పక్కన నిప్పురవ్వ పుట్టించి, లక్షల ఓములుగానున్న నిరోధము ఒక్కసారిగా పడిపోవుట చూపెను. 1894లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జి ఈ గొట్టమునకు కొహీరరు, అనగా అతుకుకొనునది, అని పేరు పెట్టెను. తరంగము వచ్చినప్పుడు అతుకుకొన్న రజనును విడదీయుటకు గొట్టమును తట్టు ఏర్పాటు కూడ చేసెను. తంతి లేకుండ వార్తలు పంపు యంత్రములలో మొదటి చెవి ఇదియే. మార్కొనీ తన గొట్టములలో నికెలు రజను తొంబదియైదు పాళ్ళు, వెండి రజను ఐదు పాళ్ళు కలిపి, గాలి తీసివేసి మూసెను. వెండి పాలు పెంచినచో గొట్టము మరింత సున్నితమగును. మితిమీరినచో నిలకడ లేక తనంతట తానే అతుకుకొనును. ఎరువు పాళ్ళ లెక్క తెలిసిన మీకు ఈ సంగతి వింతగా తోచదు.

మన దేశములో ఈ పనిని చేపట్టినవాడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించిన జగదీశచంద్ర బోసు. 1895లో కలకత్తా టౌనుహాలులో ఆయన తంతి లేకుండ తరంగములను పంపి, గోడల కావల నున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపెను. పొడి రజనుకు నిలకడ లేదని గ్రహించి ఆయన చిన్న చిన్న ఉక్కు స్ప్రింగులను పక్కపక్కన పేర్చి, వాటి మీది ఒత్తిడిని మరతో సరిచేయునట్లు అమర్చెను. ఏ చోట ఎంత ఒత్తిడి అన్నది మన చేతిలో నుండవలెను, అదృష్టమునకు వదలరాదు అన్నమాట. ఇనుము, పాదరసము కలిసిన మరియొక సాధనమును 1899లో లండను రాయల్ సొసైటీకి నివేదించెను. దానిని తట్టనక్కరలేదు. తరంగము పోయినంతనే తిరిగి యథాస్థితికి వచ్చును. 1901 డిసెంబరు 12వ తేదీన మార్కొనీ అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవల న్యూఫౌండ్లాండులో కూర్చుండి ఇంగ్లండు నుండి వచ్చిన సంకేతమును వినినది ఇట్టి పాదరసపు సాధనముతోనే.

ఇక్కడ వ్యవసాయదారులకు నచ్చు ఒక మాట గలదు. బోసు లోహపు సాధనములను విడువకుండ గంటలకొలది పని చేయించినప్పుడు, అవి క్రమముగా మందగించుటయు, కొంత విశ్రాంతి యిచ్చినప్పుడు తేరుకొనుటయు చూచెను. లోహమునకును అలసట వంటిది కలదా అన్న ఆలోచన ఆయనను మొక్కల వైపు మళ్ళించెను. ప్రాణమున్నవాని స్పందనను, లేనివాని స్పందనను పోల్చుచు ఆయన వ్రాసిన గ్రంథము 1902లో వెలువడెను. పిమ్మట మొక్క ఎదుగుదలను ఎన్నో రెట్లు పెంచి చూపు క్రెస్కోగ్రాఫు అను యంత్రమును నిర్మించెను. మొక్కల పరిశోధనకు పెట్టింది పేరైన ఆ మహనీయుడు పైరు మీదికి వచ్చిన దారి లోహపు రజను మీదుగా వచ్చిన దారి.

చుక్కలో కొలిమి

రేణువులు నిజముగా ఎట్లు అతుకుకొనుచున్నవి అను విషయమై నూరేండ్లకు పైగా వాదములు జరిగినవి. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో ఫాల్కన్, కాస్టెన్ అను శాస్త్రజ్ఞులు రజనును ప్రక్కకు పెట్టి, ఉక్కు గోళీలను ఒకే వరుసలో పేర్చి కొలతలు తీసి 2005లో ప్రకటించిరి. రజనులో దారులు లెక్కలేనన్ని. గోళీల వరుసలో దారి ఒక్కటే, కనుక లెక్క తేలినది. కరెంటును పెంచుచు పోగా ఒక్కొక్క కలయిక వద్ద వోల్టేజి సుమారు 0.4 దగ్గర ఆగిపోవుచున్నది. అంతకు మించదు. ఎందుకనగా అంతటితో ఆ సూదిమొన వంటి చుక్క వేయి డిగ్రీలు దాటి మెత్తబడి, తాకు వైశాల్యము పెరిగి, గోళీలు సన్నగా అతుకుకొనుచున్నవి. గోళీని చేతితో పట్టుకొన్న చల్లగానే యుండును. లోపల వెంట్రుకలో వందవ వంతు చోటున కొలిమి మండుచున్నది.

కాంటాక్టుల శాస్త్రములో దీనికి పాతదే అయిన ఒక సూత్రము గలదు. రెండు లోహపు ముక్కలు తాకుచోట ఎన్ని వోల్టులు ఖర్చగుచున్నవో తెలిసినచో, అక్కడి చుక్క ఎంత వేడెక్కినదో చెప్పవచ్చును. చుక్క పెద్దదా చిన్నదా అని అడుగ నక్కరలేదు. రాగి కలయిక వద్ద 0.43 వోల్టు, వెండి వద్ద 0.37 వోల్టు వచ్చినచో అక్కడి లోహము కరగును. రాగి కరగుటకు వేయిన్ని ఎనుబదియైదు డిగ్రీలు కావలెను. అరవోల్టు అయినను లేని చోట రాగి కరగునా అని మీకు సందేహము కలుగవచ్చును. కరగును. మీ స్టార్టరు మూత తీసినప్పుడు కనబడు చిన్న గుంటలు, ముత్యము వంటి బొడిపెలు దానికి సాక్ష్యము.

రంగులో జింకు పొడి

పొడి అంతయు నష్టమే అనుకొనరాదు. ఇనుప గేట్లకు, ట్రాలీ చట్రములకు, నీటి ట్యాంకుల స్టాండులకు వేయు జింకు పొడి రంగు సంగతి చూడుడు. జింకు ఇనుముకంటె చురుకైన లోహము. రెండును తడిలో కలిసియున్నప్పుడు జింకు తాను కరగిపోయి ఇనుమును కాపాడును. అయితే రెండింటి మధ్య విద్యుత్తు రాకపోకలు ఉండవలెను. రంగులోని జింకు రేణువు నూనెలో ఒంటరిగా చిక్కుకొన్నచో దానివలన ఇనుమునకు ఏమియు ఉపయోగము లేదు. రేణువు పక్కన రేణువు తాకుచు ఇనుమును చేరవలెను.

ఒక కుండలో గాజు గోళీలు, ఉక్కు గోళీలు ఒకే పరిమాణమున్నవి కలిపి పోయుచున్నామనుకొనుడు. ఉక్కు గోళీలు నూటికి పది ఉన్నప్పుడు కరెంటు పోదు. ఇరువది ఉన్నను పోదు. నాలుగవ వంతు దాటి మూడవ వంతు లోపల ఒకచోట, ఉన్నట్టుండి కుండ ఈ అంచు నుండి ఆ అంచు వరకు ఉక్కు గోళీల గొలుసు ఒకటి కుదిరి కరెంటు పోవుట ఆరంభించును. కొంచెము కొంచెముగా పెరుగుట కాదు, గట్టు తెగినట్లు. అందువలననే మంచి జింకు పొడి రంగు ఎండిన తరువాత బరువులో నూటికి ఎనుబది మొదలు తొంబదియైదు పాళ్ళు జింకే యుండును. జింకు బరువైన లోహము గనుక బరువులో అంత ఉన్నప్పుడే పరిమాణములో చాలినంత వచ్చును. బూడిదరంగు వేసి జింకు రంగు అని అమ్మువారు కలరు. డబ్బా మీద జింకు పాళ్ళు చూచి కొనవలెను. పాత తుప్పు మీద గాని పాత రంగు మీద గాని పూసినచో గొలుసు ఇనుమును చేరదు. తుప్పు పూర్తిగా గీకి, తళుకు వచ్చిన ఇనుము మీదనే పూయవలెను. డబ్బా అడుగున జింకు దిగిపోవును, కనుక పూయుచున్నంత సేపు కలుపుచునే యుండవలెను. చాలమంది రంగు పనివారు దీనిని పట్టించుకొనరు.

సూర్యరశ్మితో నడుచు పంపుసెట్ల పలకలలో కూడ లోహపు పొడి ఉన్నది. పలక మీద వెండిగీతలు సన్నగా కనబడును గదా. మైక్రాను పరిమాణపు వెండి పొడిని, గాజు పొడిని, జిగురును కలిపి ముద్ద చేసి, జల్లెడ అచ్చుతో సిలికాను మీద గీసి, సుమారు ఎనిమిది వందల డిగ్రీల వేడిలో కొన్ని క్షణములు కాల్తురు. జిగురు మండిపోవును. గాజు కరగి పైపొరను తిని దారి చేయును. వెండి రేణువులు అతుకుకొని తీగ అగును. మన గొట్టములో విద్యుత్తరంగము చేసిన పనిని ఇక్కడ కొలిమి చేయుచున్నది, విడిపోకుండ. ఆ పలకలపై నిచ్చెన వేయుట, కాలు పెట్టుట చేసినచో సిలికాను బీటలు వారి ఈ గీతలు తెగును. పైకి ఏమియు కనబడదు, నీరు మాత్రము తగ్గును.

ఇంకను చిన్నవైనచో

మైక్రాను దిగి నానోమీటర్లకు వచ్చినప్పుడు లోహము స్వభావమే కొంత మారును. రాగిలో ఎలక్ట్రాను ఒకసారి బయలుదేరి దేనికిని తగులకుండ పోవు దూరము సుమారు నలుబది నానోమీటర్లు. ముక్క అంతకంటె చిన్నదైనచో ఎలక్ట్రాను మాటిమాటికి గోడలకు తగులుచు తిరుగును. తొడుగు లేకున్నను నిరోధము పెరుగును. ఎద్దు పెరటి కొట్టములో తిరుగుటకును, బయలులో నడచుటకును ఉన్న తేడా వంటిది ఇది.

దీనికంటె విచిత్రము వేరొకటి. మిల్లీమీటరు గోళీ మీద ఒక ఎలక్ట్రానును అదనముగా పెట్టినచో దాని వోల్టేజి పెరుగుట వోల్టులో పది లక్షల భాగములలో మూడు. ఎవరికి పట్టును? పది నానోమీటర్ల రేణువు మీద అదే ఒక్క ఎలక్ట్రాను సుమారు 0.3 వోల్టు మేర పెంచును. ఒక ఎలక్ట్రాను లోపల కూర్చున్నదా, రెండవదానికి తలుపు మూసినట్లే. బయటి నుండి మరికొంత వోల్టేజి ఇచ్చినగాని రెండవది రాదు. ఇట్టి రేణువుల గుండా కరెంటు కాలువవలె పారదు, ఏతము బొక్కెనవలె ఒకటి తరువాత ఒకటి పోవును. 1968లో జైవర్, జెల్లర్ అనువారు తగరపు రేణువులలో ఈ సంగతి కొలిచి చూపిరి. 1987లో అమెరికాలో ఫుల్టన్, డోలన్ అనువారు ఒక్కొక్క ఎలక్ట్రానునే లెక్కించి వదలు సాధనమును చేసిరి.

బంగారు రేణువులు ఇరువది నానోమీటర్లకు దిగినప్పుడు పసుపుపచ్చగా నుండవు, నీటిలో కెంపు రంగుతో కనబడును. మైకేల్ ఫారడే 1857లోనే ఈ ఎర్రని బంగారు నీటిని చేసి పరీక్షించెను. ఇదియు విద్యుత్ గుణమే. రేణువులోని ఎలక్ట్రానులన్నియు కలిసి ఊగుచు, వెలుగులోని ఆకుపచ్చ పాలును పట్టివేయును. మిగిలినది ఎర్రగా కనబడును. మొక్కల వైరసు తెగుళ్ళను ఆకురసములో ఒక కాగితపు పట్టీ ముంచి తేల్చుకొను పరీక్షలలో కనబడు ఎర్రగీత చాలవరకు ఈ బంగారు రేణువులదే.

సందర్భము వచ్చినది గనుక ఒక మాట. నానో అను పేరు డబ్బా మీద ఉన్నంత మాత్రమున ఆ మందు పైరుకు మేలు చేయునని గాని, చేయదని గాని చెప్పుటకు వీలులేదు. విద్యుత్ గుణములకు, దిగుబడికి ముడి పెట్టి మాటలు చెప్పువారి వద్ద అనుమతి పత్రమును, ఏ పైరుపై ఎచ్చట పరీక్షించిరో ఆ వివరమును అడిగి చూడుడు. నానో యూరియా అని అమ్మునది లోహము కాదు, ఈ వ్యాసములోని విషయమునకు దానితో సంబంధము లేదు.

మీ స్టార్టరు పెట్టె

ఇక మన పొలమునకు వత్తము. ఐదు హార్సుపవరు మూడు ఫేజుల మోటారు నడుచునప్పుడు ఒక్కొక్క ఫేజులో ఏడెనిమిది ఆంపియర్లు తీసికొనును. నేరుగా స్టార్టు చేసినప్పుడు మొదటి క్షణములలో దానికి ఆరు రెట్లు, అనగా నలుబది అయిదు ఆంపియర్ల దాక తీసికొనును. కాంటాక్టు పలకలు పైకి వెడల్పుగా కనబడును గాని, గరుకుదనము వలన అవియు రజనువలె కొన్ని కొనలతోనే తాకును. ఆ కొనల మీద దుమ్ము, పొర చేరి కలయిక నిరోధము ఓములో ఇరువదవ వంతు అయినదనుకొందము. ఎనిమిది ఆంపియర్లకు 0.4 వోల్టు. రాగి కరగుటకు ఇంచుమించు చాలును. ఇక స్టార్టు చేయు క్షణమున సంగతి చెప్పనక్కరలేదు. కరగిన చుక్కలు చల్లారి అతుకుకొనును. బ్రాన్లీ గొట్టములో జరిగినదే మీ స్టార్టరులోను జరిగినది.

స్టార్టరు విడువనప్పుడు పెట్టెను కర్రతో తట్టు అలవాటు పల్లెలలో ఉన్నది. లాడ్జిగారు గొట్టమును తట్టినట్లే! కాని ఆయన గొట్టములో కొద్దిపాటి బ్యాటరీ కరెంటు. ఇక్కడ నాలుగువందల పదునైదు వోల్టులు. ఇందులోని ప్రమాదము వివరముగా తెలిసికొనవలెను.

మూడు కాంటాక్టులలో రెండు అతుకుకొని ఒకటి విడినచో మోటారు రెండు ఫేజుల మీద ఉండిపోవును. నడుచుచున్నదైనచో మిగిలిన తీగలలో కరెంటు ఒకటిన్నర రెట్లకు మించి పెరిగి చుట్ట వేడెక్కును. ఆగినదైనచో హుమ్మని మూలుగుచు కొద్ది నిమిషములలో మాడును. ఇది డబ్బు నష్టము. ఒక్క కాంటాక్టు మాత్రమే అతుకుకొన్నచో మోటారు నడువదు, మూలుగదు, ఏ శబ్దమును చేయదు. ఆగిపోయినది అనియే అందరు అనుకొందురు. కాని ఆ ఒక్క ఫేజు మోటారు వరకు నిలిచియే యుండును. పైపు తీయుటకో, తీగ సరిచేయుటకో చేయి పెట్టినవాడు తిరిగి రాడు. కనుక స్టార్టరు ఆపు మీటను నమ్మి మోటారును గాని తీగలను గాని ఎన్నడును తాకరాదు. మెయిన్ స్విచ్చి దించి, మూడు ఫ్యూజులను ఊడదీసి జేబులో వేసికొని, టెస్టరుతో మూడు తీగలను ఒక్కొక్కటిగా చూచిన పిమ్మటనే పని మొదలు పెట్టవలెను. ట్రాన్స్‌ఫార్మరు వద్ద పని విద్యుత్ సంస్థ సిబ్బందిదే గాని రైతుది కాదు.

కాంటాక్టులను శుభ్రపరచుటలో ఒక పొరపాటు జరుగుచున్నది. రాగి కాంటాక్టుల మీది నలుపు అడ్డు చేయును, గీకవచ్చును. వెండి మిశ్రమపు కాంటాక్టుల మీది నలుపు అంత హాని చేయదు. వెండి ఆక్సైడు వేడికి తనంతట విడిపోవును. వాటిని ఆకురాయితో రాచుటవలన విలువైన వెండి పోవుటయేగాక, సమముగా తాకవలసిన ముఖము వంకరపోవును. గుంటలు లోతుగా పడినచో మూడింటిని కలిపి మార్చవలెను. ఒక్కటి మాత్రమే మార్చినచో కొత్తదాని మందము, పాతవాని మందము వేరై మూడును ఒకేసారి తాకవు.

అల్యూమినియం సర్వీసు తీగను రాగి తీగతో మెలిపెట్టి టేపు చుట్టుట మరియొక చెడ్డ అలవాటు. అల్యూమినియం పొర సంగతి ముందే చెప్పితిమి. పైగా తడి తగిలినచో రాగి పక్కన నున్న అల్యూమినియం తినివేయబడును. రెండు లోహముల కొరకు చేసిన లగ్గు వాడవలెను. అల్యూమినియమును గ్రీజు పూసి, ఆ గ్రీజు కిందనే తీగ బ్రష్షుతో రుద్దవలెను. గాలి తగులదు గనుక పొర మరల కట్టదు. ఇందుకై అమ్ము కొన్ని గ్రీజులలో జింకు రేణువులు కలిపియుందురు. బోల్టు బిగించినప్పుడు అవి పొరను పొడిచి లోహమును చేరును. రేణువు ఒకచోట శత్రువు, ఇక్కడ చుట్టము.

వేడెక్కు కలయిక తన సంగతి తానే చెప్పుకొనును. రంగు మారును, వాసన వచ్చును. అట్లు చెప్పనివి రెండు గలవు. మొదటిది, ఆటోమేటిక్ స్టార్టర్లలోను, నీటిమట్టము చూచు పరికరములలోను ఉండు సన్నని తీగల కలయిక. అక్కడి కొద్దిపాటి వోల్టేజికి పొరను చీల్చు శక్తి లేదు. పొర పట్టినదా, వేడి లేకుండ, గుర్తు లేకుండ పని ఆగును. సెల్ ఫోను సిమ్ముకు బంగారు పూత పెట్టినది ఈ పొర కట్టకుండుటకే. ఇట్టి తీగలను ఏడాదికొకసారి ఊడదీసి తుడిచి బిగించినచో చాలవరకు రిపేరు తప్పును.

రెండవది ఎర్తు తీగ. దానిలో దినమును కరెంటు పోదు. కనుక దాని బోల్టు తుప్పు పట్టినను వేడెక్కదు, మోటారు ఆగదు, ఎవరికిని తెలియదు. మోటారు ఒడలికి కరెంటు దిగిన దినమున మాత్రమే దానితో పని. ఆ దినమున ఆ బోల్టు వద్ద తుప్పు పొర ఉన్నచో కరెంటు మనిషి గుండా దారి చూచుకొనును. ఖరీఫు పనులు మొదలగుటకు ముందు, కరెంటు పూర్తిగా తీసివేసి, మోటారు వద్దను, స్టార్టరు వద్దను, ఎర్తు గుంత వద్దను ఉన్న బోల్టులు విప్పి, రెండు ముఖములను తళుకు వచ్చువరకు గీకి, గ్రీజు పూసి, స్ప్రింగు వాషరు వేసి బిగించుడు. నట్టుకు రంగు పూసినచో పైన పూయుడు, కింద కాదు. ఎర్తు గుంతలో వేసవిలో తడి ఆరకుండ వారమునకు రెండు మూడు బిందెల నీరు పోయుచుండవలెను.